విప్పితే కనిపించే నంబరు

క్లాంగ్‌లో పొద్దున్నే ఎక్కిన బస్సు రామలక్ష్మిని మధ్యాహ్నం ఒంటిగంటకు పినాంగ్‌లో దింపింది. రెండు కాకముందే ఆమె జార్జ్ టౌన్‌లో హేమనాథ్ ఇంటి గేటు ముందు నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, భుజానికి గుడ్డ సంచి.

ఆమె ఎందుకు వచ్చిందో హేమనాథ్‌కి తెలుసు. నెల క్రితం ఒక ఇంగ్లీషు పత్రిక ఆదివారం సంచికలో అతని తుపాకుల గురించి రెండు పేజీలు వేశారు. మొత్తం ఏడు. అన్నీ వందేళ్ళ నాటి వేట తుపాకులు, అన్నీ రెండు ముక్కలుగా విడదీసి రెండు మూరల పెట్టెలో సర్దుకునే రకం. అన్నిటికీ లైసెన్సులున్నాయి. ఆ ఫొటోలో ముందు వరసలో ఉన్న తుపాకీని రామలక్ష్మి గుర్తుపట్టింది. పత్రికవాళ్ళను పట్టుకుని హేమనాథ్ ఫోన్ నంబరు సంపాదించింది. పోయిన వారం ఫోన్ చేసి ఒకే మాట అంది. "ఆ తుపాకీ దొంగిలించినాడనే మా నాన్నని మూడేళ్ళు జైల్లో పెట్టినారు. నాను దాన్ని సూడాల."

అది 1967 ఆగస్టు నాటి మాట. కౌలా సెలంగోర్ దగ్గరి ఒక కొబ్బరి ఎస్టేటులో మేనేజరు దొర బంగళా నుంచి వేట తుపాకీ పెట్టెతో సహా పోయింది. దొర వేటకు వెళ్ళినప్పుడల్లా ఆ పెట్టె మోసేవాడు పోలయ్య. పెట్టె పట్టుకుని పోలయ్య కూలీలుండే వరస ఇళ్ళ వైపు, లయాల వైపు వెళ్తుంటే చూశానని ఎస్టేటు కిరాణి కోర్టులో సాక్ష్యం చెప్పాడు. పోలయ్యకు శిక్ష పడింది కానీ తుపాకీ మాత్రం దొరకలేదు. ఆ పోలయ్య కూతురే రామలక్ష్మి. లెక్కలు రాసే ఆ కిరాణి సింహాద్రి కొడుకు హేమనాథ్. ఈ రెండో సంగతి ఫోన్లో ఇద్దరూ ఎత్తలేదు.

హేమనాథ్ స్వయంగా వచ్చి గేటు తీశాడు. అతనికి అరవై ఆరేళ్ళు. భూముల సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాడు.

"రండక్కా. భోంచేసినారా?"

"బస్సు ఆపిన కాడ రొట్టి తిన్నాను." ఆమె అతని ముఖం కేసి కాసేపు చూసింది. "నీది మీ అమ్మ మొగం. సిన్నప్పుడు బక్కగా ఉండేవోడివి. లయాల పక్కకి ఆడుకోడానికి రానిచ్చేవోరు కాదు నిన్ను."

హేమనాథ్ గేటు మూశాడు. ఆమెను లోపలికి తీసుకెళ్ళాడు.

ముందుగదిలో పాట్రిక్ కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఇపో పట్టణంలో లైసెన్సున్న తుపాకుల దుకాణంలో నలభై ఏళ్ళు మరమ్మతులు చేశాడు. ఆ దుకాణం మూసేసే ముందు హేమనాథ్‌కి ఈ తుపాకీ అమ్మింది అతనే. ఇప్పుడు నెలకోసారి వచ్చి ఏడు తుపాకులూ తుడిచి, నూనె పెట్టి, పినాంగ్ ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా చూసి వెళ్తాడు. ఈ నెల పని ఎప్పుడో అయిపోయింది. ఇవాళ అతన్ని హేమనాథ్ పిలవలేదు. రామలక్ష్మి వస్తుందని విని తనే వస్తానన్నాడు.

"ఈయన పాట్రిక్ అన్న. వీళ్ళ వాళ్ళు కూడా ఎస్టేటోళ్ళే."

"స్తోత్రం అక్కా," అన్నాడు పాట్రిక్, తనకన్నా ఎనిమిదేళ్ళు చిన్నదైన మనిషితో.

తుపాకుల గది వెనక వైపు ఉంది. కిటికీకి ఇనుప ఊచలు. గోడలో బిగించిన బీరువాకు రెండు తాళాలు. హేమనాథ్ తాళాలు తీసి, వరసలో మొదట ఉన్నదాన్ని రెండు చేతులతో ఎత్తి, బల్లమీద పరిచిన ఆకుపచ్చ గుడ్డ మీద ఉంచాడు.

ఎవరైనా చూడటానికి వస్తే దాని గురించి ఆపకుండా మాట్లాడతాడు హేమనాథ్. ఇంగ్లండులో ఏ ఏడు చేశారో, అక్రోటు కర్రలో గీతలు చివరిదాకా ఎలా సాగాయో, నీలిరంగు ఉక్కు మీద ఒక్క గీత కూడా ఎందుకు లేదో చెబుతాడు. దుకాణంవాళ్ళ ఇనుప గదిలో నలభై ఏళ్ళు కదలకుండా పడి ఉండటం వల్లే అది అంత బాగుంది. ఆ కొలత తూటాలు దొరక్క ఎవరూ కొనలేదు. హేమనాథ్ దాన్ని ఒక్కసారీ పేల్చలేదు. అసలు ఏ తుపాకీనీ పేల్చలేదు. అతనికి అవి పేల్చడం కోసం కాదు. రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి సందు లేకుండా కూర్చుంటే చూడటమే అతనికి ఇష్టం.

ఇవాళ అవేమీ చెప్పలేదు.

"తాకొచ్చా?" అని అడిగింది రామలక్ష్మి.

"తాకండి."

ఆమె కర్ర మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. "శనివారం శనివారం బంగళా వెనకాల మెట్ల మీద కూకోని దీనికి నూనె పెట్టీవోడు నాన్న. నాను పాత లుంగీ ముక్కలు అందించేదాన్ని. దొరకంటే మా నాన్నకే దీని మీద ఎక్కువ పేణం."

తర్వాత ఫైలు తెరిచి, మడతల దగ్గర టేపు అంటించిన ఒక కాగితం తీసింది.

"కోర్టు కాగితం. మా అమ్మ ఇన్నేళ్ళూ బియ్యం డబ్బాలో దాసినాది. సదువు."

హేమనాథ్ చదవాల్సిన పనిలేదు. అయినా చదివాడు. పోయిన తుపాకీ వివరాల కింద నంబరుంది. 1537.

వారం రోజులుగా తయారు చేసుకున్న మాటలు అప్పుడు బయటికి తీశాడు. "అక్కా, మీరింత దూరం వచ్చినారు. కానీ నా లైసెన్సులో నంబరు 1587. గొట్టం మీద కూడా అదే ఉంది, చూడండి. ఇలాంటివి అప్పట్లో చాలామంది దొరలు తెచ్చుకున్నారు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి."

రామలక్ష్మి కళ్ళజోడు పెట్టుకుంది. గొట్టం మీది అంకెలు చూసింది. కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అంకె మీదా వేలు పెట్టింది.

"మూడు కాడ ఎనిమిదుంది. అంతేనా?"

"అంతే."

"విప్పు."

హేమనాథ్ అర్థం కానట్టు చూశాడు.

"రెండు ముక్కలు సెయ్యి దాన్ని. జైలుకి సూడ్డానికి ఎల్లినప్పుడు నాన్న సెప్పినాడు. నంబరు మూడు సోట్ల ఉంటాదమ్మా, రెండు బయటికే కనపడతాయి, మూడోది విప్పితేనే కనపడతాది, తుపాకీ ఎప్పుడైనా దొరికితే అక్కడ సూడమని సెప్పు అన్నాడు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఎవులికి సెప్తాను నాను?"

పాట్రిక్ గుమ్మం దగ్గర నిలబడి హేమనాథ్ చేతుల వంక చూస్తున్నాడు.

మీట బిగుసుకుపోయిందని చెప్పవచ్చు. పాత వస్తువు, విప్పితే పాడవుతుందని చెప్పవచ్చు. ఆమె నమ్మదు కానీ చేసేదీ ఏమీ ఉండదు. బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఈ ఆలోచనలన్నీ హేమనాథ్‌కి వచ్చాయి. పోలయ్య మెట్ల మీద కూర్చుని నూనె పెట్టడం అతనూ చూశాడు, కిరాణి ఇంటి వరండాలోంచి. పదేళ్ళ వయసులో అతనికి ఈ తుపాకుల పిచ్చి పట్టింది అక్కడే.

అతను తుపాకీ ఎత్తి, కింద ఉన్న చిన్న మీట వెనక్కి లాగి, గొట్టాన్ని పావు వంతు తిప్పాడు. చప్పుడు లేకుండా అది రెండు ముక్కలైంది. వెనక ముక్కను ఆమె వైపు తిప్పాడు. గొట్టం వచ్చి కూర్చునే చోట, బియ్యపు గింజంత అంకెలు నాలుగున్నాయి. 1537.

రామలక్ష్మి ఏడవలేదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చూసింది.

"నీకెప్పుడు తెలుసు?"

"కొన్న మర్నాడే."

"అంటే?"

"పద్నాలుగేళ్ళు."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను నిలబడే చెప్పాడు. నంబరు మార్చిన తుపాకీ అని పోలీసులకు చెబితే అదొక్కటే కాదు, మిగతా ఆరూ తీసుకుపోతారు, లైసెన్సులన్నీ రద్దవుతాయి, కేసు కూడా పెట్టవచ్చు. ముప్పై ఏళ్ళ జీవితం దీనికే పెట్టాడు. "దొంగతనం పోలయ్య మామే చేసినాడు కదా, శిక్ష కూడా అయిపోయింది కదా అనుకున్నాను. ఇప్పుడు చెప్తే ఎవరికి లాభం, చెప్పకపోతే ఎవరికి నష్టం అనుకున్నానక్కా."

"నష్టం ఎవులికో నాను సెప్తాను, ఇను." ఆమె గొంతు పెంచలేదు. "నాన్న జైల్లోంచి వొచ్చినాక క్లాంగ్ రేవులో మూటలు మోసినాడు. గోడౌనులో ఏటి తగ్గినా ముందు ఆయన్ని పిలిసీవోరు. మా వీధిలో పక్కింటోళ్ళ కోడి పోతే మా యింట్లో సూసినాకే మిగతా ఇళ్ళు ఎతికీవోరు. 89లో సచ్చిపోయినాడు. మా అమ్మ ఉన్నాది. ఎనభై ఎనిమిదేళ్ళు. ఇప్పటికీ పెళ్ళికి పిలిస్తే రాదు. పెళ్ళింట్లో ఏదైనా కనపడకపోతే నా మొగం సూస్తారే అంటాది. ఇదీ నష్టం. నీ బీరువాలో పెట్టి తాళం ఏసినావు దాన్ని."

హేమనాథ్ తల దించుకున్నాడు.

"తుపాకీ నాకొద్దు," అంది ఆమె. "నువ్వు జైలుకి ఎల్లాలని కూడా నాకు నేదు. మా అమ్మ బతికుండగా ఒక్క కాగితం కావాల. పోలయ్య దొంగ కాదని. ఈ తుపాకీ ఆ దుకాణానికి ఎవులు అమ్మినారు?"

"నాకు తెలీదు. నేనడగలేదు."

"పద్నాలుగేళ్ళు అడగనేదా?"

"ఎస్టేటు సరుకు అన్నాడు పాట్రిక్ అన్న. ఏ ఎస్టేటు అని అడిగితే చెప్తాడని..." హేమనాథ్ ఆగాడు. "చెప్తాడనే అడగలేదు."

"చెప్పడానికే వొచ్చినాను లా," అన్నాడు పాట్రిక్. మాట చివర 'లా' అనడం ఇక్కడివాళ్ళ అలవాటు.

తన సంచిలోంచి ఒక పొడుగాటి పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. అట్ట మూలలు చెద తిన్నాయి. దుకాణానికి వచ్చిన ప్రతి తుపాకీనీ రాసుకునే పుస్తకం అది. దుకాణం మూసినప్పుడు పాతవన్నీ తగలబెట్టమన్నారు. దీన్ని ఒక్కదాన్నే పాట్రిక్ ఇంటికి తీసుకుపోయాడు.

కాగితం ముక్క గుర్తు పెట్టిన పేజీ తెరిచాడు. 1969, నవంబరు. ఒక ఎస్టేటు నుంచి మూడు తుపాకులు. రెండు కావలివాళ్ళవి, ఒకటి వేట తుపాకీ, నంబరు 1587. పేజీకి గుండుసూదితో ఎస్టేటు వారి లేఖ గుచ్చి ఉంది. ఎస్టేటును ముక్కలుగా అమ్మేస్తున్నందువల్ల పాత ఆయుధాలు వదిలించుకుంటున్నామని టైపు చేసి ఉంది. కింద మేనేజరు తరఫున సంతకం.

పాట్రిక్ పుస్తకాన్ని హేమనాథ్ వైపు తిప్పాడు.

ఆ సంతకం ఎవరిదో అతనికి ఇంకొకరు చెప్పనవసరం లేదు. చివరి అక్షరం నుంచి గీత వెనక్కి వచ్చి పేరు మొత్తం కింద పరుచుకుంటుంది. హాస్టల్లో ఉన్నప్పుడు నెలనెలా వచ్చే ఉత్తరాల అడుగున ఆ గీత ఉండేది. సింహాద్రి, చీఫ్ క్లర్కు.

హేమనాథ్ మెల్లగా బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. 1970 జనవరిలో అతన్ని పినాంగ్‌లో మంచి బడిలో చేర్పించారు. ఎస్టేటు అమ్ముడైపోయి, ఉద్యోగం పోయిన కిరాణి తన కొడుకుని హాస్టలు బడికి ఎలా పంపగలిగాడో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. నాన్నకి చదువంటే ప్రాణం అని మాత్రం అందరికీ చెప్పేవాడు.

"మా నాన్న కోర్టులో..." అన్నాడు, వాక్యం పూర్తి కాలేదు.

"సూసినానని సెప్పినాడు. పెట్టె పట్టుకోని ఎల్తుంటే సూసినానని," అంది రామలక్ష్మి. "ఎవులు పట్టుకెల్తుంటే సూసినాడో ఆయనకే తెలవాల."

పాట్రిక్ వెళ్ళి వంటగదిలోంచి మంచినీళ్ళు తెచ్చి ముందు ఆమెకిచ్చాడు, తర్వాత అతనికి.

నీళ్ళు తాగి రామలక్ష్మి అంది. "హేమా, అప్పుడు నువ్వు పిల్లోడివి. మీ నాన్న సేసినదానికి నిన్ననను. ఈ పద్నాలుగేళ్ళకి మాత్రం అంటాను."

"అనండి."

"అన్నాను కదా. అయిపోయింది. ఇప్పుడేటి సేస్తావు?"

హేమనాథ్ లేచి బీరువా దగ్గరికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. మిగతా ఆరూ వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాన్నీ ఎక్కడ కొన్నాడో, ఏ ముక్క కోసం ఎన్నేళ్ళు వెతికాడో అతనికి గుర్తుంది. ఒకదాని పెట్టె తాళంచెవి కోసమే నాలుగేళ్ళు తిరిగాడు. అవి తీసుకుపోయాక ఈ గదిని ఏం చేసుకోవాలో అతనికి తోచలేదు. వెనక్కి తిరిగాడు.

"సోమవారం పొద్దున్న జిల్లా పోలీసు ఆఫీసుకి వెళ్దాం. తుపాకీ నేనే పట్టుకెళ్తాను. ఈ పుస్తకం, మీ కోర్టు కాగితం, మూడూ బల్లమీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్తాను. పద్నాలుగేళ్ళ సంగతి కూడా చెప్తాను. లాయర్ని పెట్టుకోమంటారు మనవాళ్ళు. ముందు చెప్పేసి తర్వాత పెట్టుకుంటాను."

"నాను కూడా వొస్తాను," అన్నాడు పాట్రిక్.

"మీరెందుకన్నా? దుకాణంలో పనిచేసిన మనిషి, అంతే కదా."

"అంతే కాదు లా." పాట్రిక్ తన కుడిచేతి వేళ్ళు చూసుకున్నాడు. "ఎస్టేటోళ్ళు పంపిన కాగితంలో ఎనిమిదుంది, తుపాకీ మీద మూడుంది. కాగితానికి తగ్గట్టు తుపాకీని దిద్దమన్నాడు తౌకే, మా దుకాణం యజమాని. నాకు ఇరవై రెండేళ్ళు. ఉక్కు మీద చెక్కడం అప్పుడే నేర్చుకున్నాను. పాత ముద్ర అరిగిపోయింది, బాగు చెయ్యి అన్నాడు. అరగలేదని నాకు కనపడతానే ఉంది. రెండు చోట్ల మూడుని ఎనిమిది చేసినాను."

"మూడోది?" అంది రామలక్ష్మి.

"మూడోది ఉందని నాకు తెలుసు. తౌకేకి తెలీదు. నాను దాన్ని ముట్టనేదు. ఎందుకు ముట్టనేదని మీరు అడిగితే నాకాడ జవాబు లేదు అక్కా. చర్చిలో చాలాసార్లు అదే ఆలోచించినాను. పేపర్లో బొమ్మ పడిందని, మీరు ఫోన్ చేసినారని హేమ చెప్పినప్పుడు, సరి, ఇప్పుడైనా పోదాం అనుకున్నాను."

రామలక్ష్మి అతన్ని తిట్టలేదు. ఆ పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని తన తండ్రిని జైలుకి పంపిన తుపాకీ వివరాలున్న ఆ వరసను మళ్ళీ చదువుకుంది. ఎస్టేటు తమిళ బడిలో ఆరేళ్ళు చదివి, తర్వాత క్లాంగ్‌లో చదివి, ఆస్పత్రిలో నర్సుగా ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. కాగితాలు జాగ్రత్తగా చదవడం ఆమెకు అలవాటు.

"మీ దుకాణానికి ఇవి పట్టుకొచ్చినోడు కిరాణేనా?"

"కాదు. కిరాణి రానేదు. లేఖ రాసి మనిషి చేత పంపినాడు. ఎస్టేటు లారీలో వొచ్చినాడు ఒకాయన, నా ఈడు ఉంటాడు. విప్పి చూపించినది కూడా ఆయనే. అంత వడిగా విప్పినోడిని నాను అంతకు ముందు చూడలేదు, అందుకే గుర్తుంది. తెచ్చినోడి సంతకం పక్క పేజీలో ఉంటాది."

రామలక్ష్మి పేజీ తిప్పింది.

ఆ సంతకం ఇంగ్లీషులో లేదు. తమిళ అక్షరాల్లో, పెన్ను గట్టిగా అదిమి, ఒక్కో అక్షరం విడివిడిగా రాసి ఉంది. చివరి అక్షరం కింద రెండు చుక్కలు. అక్కర్లేని చుక్కలు.

ఆమె వేలు ఆ చుక్కల మీద ఆగిపోయింది.

"ఏమక్కా?" అన్నాడు హేమనాథ్.

"నా బడి రిపోర్టు కార్డులన్నీ ఇంట్లో ఉన్నాయి," అంది ఆమె. "నాన్న జైల్లో ఉన్నాడు కదా, తండ్రి సంతకం పెట్టే సోట మామయ్య పెట్టీవోడు. ఈ రెండు సుక్కలూ ఎందుకు మామయ్యా అని అడిగితే, అందం కోసరం అనీవోడు."

"మామయ్యంటే?"

"అప్పడు అని, మా అమ్మకి తమ్ముడు. నాన్నని పట్టుకెళ్ళినాక మమ్మల్ని క్లాంగ్ తీసుకొచ్చి, గది తీసి, అన్నం పెట్టి, నన్ను నర్సు సదివించినోడు. పెళ్ళి కూడా సేసుకోనేదు మా కోసరం." ఆమె పుస్తకం మూయలేదు. "ఇప్పుడు ఎనభై ఏళ్ళు. మా అమ్మ ఆయనింట్లోనే ఉన్నాది. మందులు ఏసేది ఆయనే."

పాట్రిక్ నెమ్మదిగా, "చిన్నోడు కదా అక్కా అప్పుడు, కిరాణి ఇచ్చిన పని చేసుంటాడు, లోపల ఏముందో తెలీకపోవచ్చు," అన్నాడు.

"విప్పి సూపించినాడన్నావు కదా నువ్వే."

పాట్రిక్ ఖాళీ గ్లాసులు పక్కకు జరిపాడు.

ఇందాక తను అడిగిన కాగితంలో ఎవరెవరి పేర్లు పడతాయో రామలక్ష్మికి ఇప్పుడు అర్థమైంది. భర్త దొంగ కాదని తెలిసిన రోజే తమ్ముడి సంగతి కూడా తల్లికి తెలుస్తుంది. సోమవారానికి ఇంకా రెండు రోజులున్నాయి.

"అక్కా, కావాలంటే నాలుగు రోజులు ఆగుదాం," అన్నాడు హేమనాథ్. ఆ మాట అంటున్నప్పుడు తన గొంతులో చిన్న ఆశ వినిపించి అతనికే సిగ్గేసింది.

"ఆగితే పద్నాలుగేళ్ళు అయిపోద్ది," అంది ఆమె.

ఫోను తీసింది. పినాంగ్‌లో తనతో పనిచేసిన నర్సుకి ఒంట్లో బాగోలేదని, చూసి వస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరింది. హేమనాథ్ పేరు గానీ, పత్రికలో ఫొటో సంగతి గానీ తల్లికీ మామయ్యకీ చెప్పలేదు; ఆ పత్రికను ఇంట్లోనే పరుపు కింద దాచి వచ్చింది. నంబరు నొక్కి, అందరికీ వినపడేలా ఫోనును బల్లమీద, విప్పిన తుపాకీ పక్కన పెట్టింది.

రెండో మోతకే అవతల ఎత్తారు. వెనక నుంచి టీవీ చప్పుడు, ఎవరో ముసలావిడ దగ్గు వినిపించాయి.

"మామయ్యా, నాను," అంది రామలక్ష్మి.

అవతల టీవీ ఆగిపోయింది. తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత అప్పడి గొంతు, తీరిగ్గా, ఎప్పుడూ మాట్లాడినట్టే పలికింది.

"ఏటమ్మా లచ్చీ, తుపాకీ సూసినావా?"